పాలీహౌస్‌లో మంద కట్టిన ఊరికి

కోపంతో బయల్దేరి, కోపంతోనే తిరిగి వచ్చిన ప్రయాణం ఇది. మధ్యలో ఆ కోపం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు మారుతూ పోయింది, అంతే. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గురించీ కొండ మీది కట్టడాల గురించీ చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను కొండ ఎక్కలేదు. ఎక్కే ఓపికా లేదు, మనసూ లేదు.

నాది పలమనేరు దగ్గర ఒక పల్లె. ఏడేళ్లుగా పాలీహౌస్‌లో రంగుల క్యాప్సికం పండిస్తున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇనుప గొట్టాలు పాతి, పైన దళసరి ప్లాస్టిక్ కాగితం కప్పి, చుట్టూ సన్న వల కట్టి, లోపల డ్రిప్పుతో చేసే సేద్యం అది. మూడేళ్ల కిందట పంట బాగున్న రోజుల్లో, ఈ షెడ్లు కట్టే కంపెనీవాళ్లు వచ్చి నాతో వీడియో తీశారు. పట్టుచీర కట్టుకుని మొక్కల మధ్య నిలబడి మాట్లాడాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. ఆ వీడియో చూడను కూడా లేదు. ఫొటోలో నా మొహం చూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.

మొన్న ఆగస్టులో ఒక సోమవారం ఫోను వచ్చింది.

“అక్కా, నా పేరు ఎస్తేరు. ఉదయగిరి పక్కన మాది. నీ వీడియో చూసే షెడ్డు ఏసినాం. మొదటి పంట ఆకులు మాడి పోయినాది. మళ్లా శుక్రవారం నారు వస్తా ఉండాది. ఇది గూడా పోతే షెడ్డు పీకేసి బెంగుళూరు పనికి పోతానంటా ఉండాడు మా ఆయన. ఒక్కసారి వచ్చి చూడక్కా.”

“కట్టిన కంపెనీవాళ్లను అడగలేదా?”

“వాళ్లు ఫోనే ఎత్తరక్కా.”

ఒళ్లు మండింది. షెడ్డు అమ్మేదాకా రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాళ్లకు, మొక్క మాడాక మాత్రం సిగ్నల్ అందదు. సంచిలో రెండు జతల బట్టలు, పురుగుల్ని చూసే చిన్న భూతద్దం, నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు పెట్టుకుని బుధవారం తెల్లారేసరికి బస్సెక్కాను.

ఆత్మకూరు

మా పలమనేరులో ఆగస్టు అంటే పొద్దున పూట భుజాల మీద తువ్వాలు కప్పుకునే నెల. ఆత్మకూరులో దిగేసరికి రోడ్డు మీద నుంచి సెగ మొహానికి కొడుతోంది. అప్పుడే మొదటి అనుమానం వచ్చింది. మా కొండనేల మీద కట్టిన షెడ్డునే ఇక్కడా కడితే ఆ లోపల మొక్క బతకాలా, ఉడకాలా?

బస్టాండు ఎదురు హోటల్లో ఎర్రకారం దోసె తిన్నాను. యాభై రూపాయలు. మా వైపు సంగటిలోకి నూరుకునే ఊరుబిండి కూడా కారమే కానీ, అది నోట్లో మండి ఊరుకుంటుంది. ఇది చెవుల్లో నుంచి బయటికి వస్తుంది. రెండు గ్లాసుల మజ్జిగ తాగితే గానీ మాట రాలేదు. సర్వరు నవ్వుతూ, “నెయ్యి ఎక్కువ ఎయ్యమని చెప్పాల్సింది గదమ్మా,” అన్నాడు. ముందు చెప్పొచ్చు కదా నాయనా!

ఆత్మకూరులో ఆగింది పెంచలయ్య మాస్టారి కోసం. రిటైరయ్యాక ఊరి బయట కీరదోస షెడ్డు వేశారు. అదే కంపెనీ కట్టింది. ఆయన్ను కూడా చూసి రమ్మని ఎస్తేరే చెప్పింది.

షెడ్డు ముందు చిన్న గది, దానికి రెండు తలుపులు. ఇదెందుకో చెప్పాలి. మొదటి తలుపు తీసి లోపలికి రావాలి, దాన్ని మూసేయాలి, కాళ్లు మందునీళ్లలో ముంచాలి, అప్పుడు రెండో తలుపు తీయాలి. రెండూ ఒకేసారి తెరిస్తే ఆకు రసం పీల్చే తెల్లదోమ పిలవని పేరంటానికి వచ్చేస్తుంది. పాలీహౌస్ వ్యాపారంలో సగం లాభం ఆ తలుపు గడియలోనే ఉంది. నేను వెళ్లేసరికి మాస్టారి రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒకదానికి రాయి అడ్డం పెట్టి మరీ ఉంచారు.

“ఇదేంది మాస్టారూ?”

“మీరొస్తా ఉండారని తీసిపెట్టినానమ్మా. ఇంటికొచ్చినోళ్ల మొహాన తలుపేస్తామా? తప్పు గదా.”

నా కోసమే కాదట. ఎవరొచ్చినా అంతే. పాలవాడు, చుట్టం, ఓటరు లిస్టు రాసుకునేవాడు, అందరికీ మర్యాదే. ఆకు తిప్పి భూతద్దంలో చూశాను. తెల్లదోమ కాపురాలు పెట్టి పిల్లల్ని కూడా కనేసింది.

“మర్యాద మీ ఇంటి గుమ్మం దగ్గర చేయండి. ఇక్కడ మొహాన వేయాల్సిందే,” అని రాయి తన్నేశాను. కాలి బొటనవేలు చిట్లింది. ఆయన కంగారుపడి పసుపు తెచ్చి పెడుతూ నెమ్మదిగా అన్నారు.

“వీడియోలో మీ షెడ్డు తలుపులు రెండూ తీసే ఉండాయి గదమ్మా. అందుకని పర్లేదేమో అనుకున్నా.”

“అది కెమెరా వైర్ల కోసం తీశారు!” అని అరిచాను. అవునో కాదో నాకే గుర్తు లేదు. కానీ తప్పు వాళ్లదేనని అప్పటికే తీర్మానించేసుకున్నాను.

పైకప్పు చూస్తే ఇంకా మండింది. షెడ్డు శిఖరాన వేడి పోవడానికి ఒక సందు వదులుతారు. ఆ సందు గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టాలి, అప్పుడే గాలి లోపలి వేడిని లాక్కుని పోతుంది. ఇక్కడ ఎండాకాలమంతా పడమటి వడగాలి. సందు నోరు సరిగ్గా పడమటికే తెరిచి పెట్టారు, కొలిమికి తిత్తి బిగించినట్టు. మా ఊరి గాలి వేరు, మా కొలత వేరు. పలమనేరు చొక్కా తెచ్చి ఆత్మకూరుకు తొడిగారు దొంగవెధవలు.

వింజమూరు

గురువారం పొద్దున వింజమూరులో బస్సు మారాలి. ఉప్పు మీటరు తీసి చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ అది. మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్టు అబ్బాయి గోడగడియారం బ్యాటరీ తెచ్చి “దీంతో సర్దుకోండి మేడమ్” అన్నాడు. ఎక్కడ సర్దుకోమంటాడు, నెత్తిన పెట్టుకుని తిరగాలా?

టీకొట్టు పక్కన కూరగాయలమ్మే ఆవిడను రంగుల క్యాప్సికం గురించి అడిగాను. తట్టలో ఆకుపచ్చవి నాలుగున్నాయి, వడలిపోయి.

“పచ్చయే పెళ్లిళ్లకు తప్పితే అడగరు. ఇంక పసుపువీ ఎర్రవీ ఎవురు కొంటారమ్మా ఈడ? ముదిరిపోయినాయి అనుకుంటారు,” అంది, నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి.

ఈ ముక్క కంపెనీవాళ్లు ఏ కాగితంలోనూ రాయరు. విత్తనం కొనే ముందు, షెడ్డుకు గుంత తవ్వే ముందు, సంతలో ఒక పూట కూర్చోండి. పండించేది అమ్ముడుపోయే ఊరు ఎంత దూరమో, అక్కడికి రాత్రి బండి ఏదో తెలుసుకోండి. మాకు బెంగుళూరూ చెన్నై రెండూ దగ్గర. ఇక్కడ కాయ కోసిన మనిషి ముందు నెల్లూరు చేరాలి, తర్వాత దేవుణ్ని తలుచుకోవాలి.

ఉదయగిరి

కొండ కింద బస్సు దిగగానే గుర్తుకొచ్చేది ఇక్కడి చెక్క గరిటెలు. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ కాళ్ల మధ్య చెక్క బిగించి చిన్న స్పూను చెక్కుతోంది. ధర అడిగి, అలవాటు కొద్దీ సగానికి బేరమాడాను.

“సగానికి కావాలంటే సగం స్పూను ఇస్తా. కాడ కావాల్నా, గుంట కావాల్నా?” అంది తలెత్తకుండా.

మారు మాట్లాడకుండా చెప్పిన ధర ఇచ్చి రెండు కొనుక్కున్నాను. ఈ ప్రయాణంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన మనిషి ఆవిడొక్కతే.

ఎస్తేరు మొగుడు ప్రసాదు మోటారుసైకిల్ మీద వచ్చి తీసుకెళ్లాడు. ఇద్దరివీ ముప్పై దాటని వయసులు. ఇంట్లో గోడకు యేసుక్రీస్తు పటం, పక్కనే కంపెనీ క్యాలెండరు. క్యాలెండరు మీద నేను! రెండు చేతుల్లో రెండు క్యాప్సికాలు పట్టుకుని నవ్వుతున్నాను. క్యాలెండరు వేస్తామని నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. మళ్లీ మండింది.

ఎస్తేరు సజ్జ సంగటి, గోంగూర, కోడికూర పెట్టింది. మాది రాగి ముద్ద, మెత్తగా జారిపోతుంది. సజ్జది కాస్త గరుకు, పట్టుకుని మింగాలి, కానీ సాయంత్రం దాకా ఆకలన్న మాట ఉండదు. తింటూ అడిగాను, మొదటి పంట ఎలా పోయిందని.

“నాటిన పది దినాలకే ఆకుల అంచులు మాడినాయి. ఎరువు చాల్లేదేమో అనుకున్నామక్కా,” అంది ఎస్తేరు.

“అందుకే ఈసారి గట్టిగా ఏసినాం,” అన్నాడు ప్రసాదు గర్వంగా. “పోయిన వారం మూడు రాత్రులు ఎరువుకని మంద కట్టించినాం. నూటయాభై గొర్రెలు.”

“ఎక్కడ కట్టించారు?”

“షెడ్డు లోపలే.”

ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాను.

షెడ్డు లోపల

తలుపు తీయగానే కళ్లు మండి నీళ్లు కారాయి. గొర్రెల మూత్రం, పచ్చి పెంట, పైన మూసిన ప్లాస్టిక్కు. ఆ ఘాటు బయటికి పోయే దారి లేదు. పెద్దవాళ్లమే అయిదు నిమిషాలు నిలవలేకపోయాం. రేపు ఇందులో నాలుగాకుల నారు నాటుతారట!

“మతుండే చేశారా ఇది? మంద కట్టడానికి పొలం లేదా? ఇదేమైనా గొర్రెల దొడ్డా?” అని కేకలేశాను. ప్రసాదు మొహం మాడ్చుకున్నాడు. ఎస్తేరు కొంగుతో ముక్కు మూసుకుని నిలబడింది.

ఆ కేకలు విని పక్క చేలో నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మాలకొండయ్య. ఆ గొర్రెలు ఆయనవే.

“నేను చెప్పినానమ్మా వీళ్లకి,” అన్నాడు కర్ర గడ్డం కింద ఆనించి. “మంద లేసిన చేలో ఒక మంచి వాన పడాల. నేల చల్లబడాల. అప్పుడే ఇత్తనం. మా నాయన కాలం నుంచి అంతే. ఈడ వాన యాడ పడద్ది, పైన కాగితం కప్పినారు గదా? వద్దురా అంటే, తాతా ఇది కొత్త పద్ధతి, నీకు తెలవదు అన్నారు.”

ఏడేళ్లలో నేను డ్రిప్పు కంపెనీల ఉపన్యాసాలు విన్నాను, కరపత్రాలు చదివాను. అన్నిటిలోనూ ఉండాల్సిన ముక్క ఇదే. పాలీహౌస్ నేల మీద వాన పడదు. మనం వేసిన ప్రతి ఎరువూ, మనం పెట్టిన నీళ్లలోని ప్రతి ఉప్పురవ్వా అక్కడే కూర్చుంటుంది. బయటి చేను ఏటా కడుక్కుంటుంది. ఇది కడుక్కోదు. మీటరు లేకపోయినా, బోరు తొట్టి అంచున పేరుకున్న తెల్లటి పొర చూస్తే అక్కడి నీళ్ల సంగతీ, మొదటి పంట ఎందుకు మాడిందో కూడా తెలిసిపోయింది.

“ఇంత తెలిసిన మనిషి మాట వినకుండా ఎవరి మాట విన్నారు మీరు?” అన్నాను.

ఎస్తేరు నా వైపు చూసింది.

“నీ మాటే అక్కా.”

వీడియో

ఇంటికొచ్చాం. నేను ఊగిపోతున్నాను. “నేను చెప్పాను. ఎరువు ఆరు నెలలు మాగాలని చెప్పాను. వాళ్లు ఆ ముక్క కత్తిరించారు. రేపే వాళ్ల ఆఫీసుకు పోయి కడిగేస్తాను.”

ఎస్తేరు ఫోను తీసి నా చేతిలో పెట్టింది. మొదటిసారి ఆ వీడియో చూశాను. పట్టుచీర, పూలు, వెనక ఎర్రటి కాయలు. వెనక రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. వైర్లూ లేవు, ఏమీ లేవు.

కెమెరా వెనక కుర్రాడు అడుగుతాడు: “ఎరువు ఎంత వేయాలి మేడమ్?”

నేను నవ్వుతాను. “గొర్రె ఎరువు. ఎంత వేస్తే అంత మంచిది.”

“జాగ్రత్తలేమైనా?”

“ఎరువు వేయడానికి కూడా జాగ్రత్తలా! వేయడమే.” మళ్లీ నవ్వు.

కత్తిరింపు లేదు. మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను. ఎక్కడా లేదు.

మా ఊళ్లో ఎరువంటేనే దిబ్బ మీది ఎరువు. పెంట దిబ్బకు వెళ్తుంది, ఆరేడు నెలలు అక్కడ పడి ఉంటుంది, తర్వాతే చేనికి. పచ్చిది ఎవరూ వేయరు కాబట్టి పచ్చిది వేయొద్దని ఎవరూ చెప్పరు. ఉదయగిరిలో ఎరువంటే మంద. గొర్రెలే నడిచొచ్చి వేసి పోతాయి. నేను ఆ రెండు మాటలు అన్నప్పుడు నా కళ్ల ముందు నా దిబ్బ ఉంది, వీళ్ల కళ్ల ముందు వీళ్ల మంద ఉంది. అయినా అది సాకు. కుర్రాడు జాగ్రత్తలు అడిగాడు. అన్నీ తెలిసినదాన్నని చూపించుకోవడానికి నవ్వేశాను. అదీ నిజం.

రెండు రోజులుగా కంపెనీని, మాస్టారిని, ప్రసాదును తిట్టిన నోరు ఒక్కసారిగా ఎండిపోయింది.

“నేను అనలేదనుకున్నాను ఎస్తేరూ. అన్నాను. తప్పు నాది,” అన్నాను.

“సరేలే అక్కా. ఇప్పుడేం చెయ్యాల్నో చెప్పు. రేపు నారు వస్తాది,” అంది. నా పశ్చాత్తాపం వినే తీరిక ఆమెకు లేదు. ఉండాల్సిన పనీ లేదు.

శుక్రవారం

నాటొద్దని చెప్పాను. పచ్చి పెంట పైపొర గీకి బయట దిబ్బ వేయండి, పక్క తెరలు పైకి చుట్టేయండి, నెల తర్వాత చూద్దాం అన్నాను. మాలకొండయ్య తల అడ్డంగా ఊపాడు.

“తెరలెత్తితే గాలొస్తాది, వాన రాదు. పైన కాగితం తీసెయ్యండి. కార్తీకం లోపల నాలుగు వానలు పడితే నేల దాని పాటికి అదే బాగుపడద్ది.”

కాగితం తీయడమా! చిరిగితే? గాలికి లేస్తే? వద్దని వాదించాను. పది నిమిషాలు వాదించాక, నా దగ్గర ఉన్నవి భయాలే గానీ జవాబులు కావని నాకే అర్థమైంది. ఎస్తేరు అప్పటికే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

ప్రసాదు పైకెక్కి, కాగితాన్ని పట్టి ఉంచే వంకర తీగలు ఒక్కొక్కటీ లాగాడు. కింద మేం ముగ్గురం పట్టుకున్నాం. మధ్యాహ్నానికి కాగితం మడతపెట్టి, ఎలుకలు కొరక్కుండా అటక మీదికి ఎక్కించాం. షెడ్డు ఎముకల గూడులా నిలబడింది. ప్రసాదు దాన్ని చూసి ఇటు తిరిగిపోయాడు.

“ఇంత చేసింది పీకడానికా,” అన్నాడు.

అప్పుడే నారు బండి వచ్చింది. ట్రేలలో పచ్చగా నవనవలాడుతూ వందల మొక్కలు. ఎస్తేరు వాటిని బావి పక్కనున్న చిన్న భూమిచెక్కలో బయటే నాటుదామంది. అక్కడ మాలకొండయ్య నిరుటి దిబ్బ ఎరువు ఉంది. ఎండ తగలకుండా చుట్టూ పైనా పాత చీరలు కట్టారు. చీకటి పడేలోపు నలుగురం కలిసి నాటేశాం. ఎన్ని బతుకుతాయో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఇంటికి వచ్చాక

కంపెనీకి ఫోను చేశాను. నా వీడియో తీసేయమన్నాను. “అది బాగా వెళ్తోంది మేడమ్, ఎలా తీస్తాం?” అన్నాడు ఆ కుర్రాడు. తిట్టాను. తిట్లకు కూడా “థాంక్యూ మేడమ్” అన్నాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను. షెడ్డు వేయబోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఏ వీడియోలోని మనిషి చెప్పిందీ మీ నేలకు సరిపోతుందని నమ్మకండి. మీ ఊళ్లో గాలి ఎటు వీస్తుందో, నీళ్లలో ఏముందో, ఎరువు ఎప్పుడు చల్లబడుతుందో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. నాలాంటివాళ్ల దగ్గరకు తర్వాత రావచ్చు.

అక్టోబరు చివర్లో ఎస్తేరు ఫోను చేసింది. మాట సరిగ్గా వినపడలేదు, వెనక వాన చప్పుడు.

“అక్కా, మూడో వాన! షెడ్డులో నీళ్లు నిలబడినాయి. బయట నాటినవి సగం బతికినాయి, పచ్చికాయ నాలుగు కోతలు కోసినాం, వింజమూరు సంతకేసినాం. ఈయన బెంగుళూరు మాట ఎత్తడం లేదు.”

నాకు ఊపిరి తిరిగింది. వెంటనే, అలవాటు కొద్దీ, మొదలుపెట్టాను: “ఇప్పుడే తొందరపడొద్దు ఎస్తేరూ. మట్టి పరీక్ష చేయించి నాకు చెప్పు. ఎప్పుడు కాగితం కప్పాలో, ఎప్పుడు నాటాలో నేను చెబుతాను.”



“పరీక్షకి మట్టి ఇచ్చినామక్కా. ఎప్పుడు నాటాల్నో మాలకొండయ్య తాతను అడుగుతాంలే,” అంది ఎస్తేరు. “ఏమనుకోబాకు.”

ఏమీ అనుకోనని చెప్పాను. మంచి పని చేశావని కూడా చెప్పాను. ఫోను పెట్టేశాను. మొహం మాత్రం మండుతూనే ఉంది.